టాకీ మాటలకు సాక్ష్యము: తాపీ ధర్మారావుగారి స్మృతులు

నేటి శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి సమీపముననున్న నౌపడ ఉప్పుమళ్లకు పేరొందిన యూరు. మదరాసు నుండి కలకత్తాకు బోవు పెద్దరైలుమార్గమున నిది యొక కూడలి. 1900 సంవత్సరము ఏప్రిలు నెలలో నిచ్చటినుండి పర్లాకిమిడికి 25 మైళ్ల చిన్నరైలు నడవ నారంభించెను. రెండున్నర యడుగుల వెడల్పుగల యా పట్టాలను పర్లాకిమిడి రాజావారే తమ సొమ్ముతో వేయించిరి. 1931లో నది గుణుపురము వరకు సాగెను. తీరపు గ్రామముల నుండి పర్లాకిమిడి రాజావారి కళాశాలకు చదువునకై పోవువారికి నాటినుండి నౌపడయే వాకిలి. తెలుగు చలనచిత్రముల చరిత్రకును ఈ చిన్నరైలునకును పొత్తేమని చదువరులు శంకింపవచ్చును. పొత్తు కలదు. టాకీలలో పాత్రలచేత ఇంటిమాట పలికించిన తొలి రచయితలలో ముఖ్యులైన తాపీ ధర్మారావుగారు కొంతకాలము విద్య నభ్యసించినది ఆ రైలు చేరిన యూరిలోనే.

ధర్మారావుగారు 1887లో గంజాము మండలమునందలి బరంపురమున జన్మించిరి. శ్రీకాకుళము, విజయనగరము, పర్లాకిమిడి వారి విద్యాస్థానములు. పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వారికి గురువులు. అనంతరము మదరాసు పచ్చయప్ప కళాశాలలో చదివి, కొంతకాలము బరంపురమున గణితోపాధ్యాయులై, పిదప పత్రికలు నడపి, జనవాణి పత్రికను వ్యావహారిక భాషలో వెలువరించి, 1938లో మాలపిల్ల చిత్రమునకు మాటలు వ్రాసిరి. 1949 నాటి కీలుగుఱ్ఱమునకును వారి రచనయే. 1955లో కుమారుడు చాణక్య దర్శకత్వము వహించిన రోజులు మారాయిలోను వారి చేయి కలదు. చేమకూర వేంకటకవి విజయవిలాసమునకు వారు రచించిన హృదయోల్లాస వ్యాఖ్యకు 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. మాటమాటకు శ్లేషచమత్కృతి నిమిడ్చిన ప్రబంధమును విడమర్చిన హస్తమే మాలపల్లెలోని యువతి పలుకులను వ్రాసినది. ఈ రెండును పరస్పర విరుద్ధములని తలచువారు భాషాపరిశ్రమ యననేమో యెఱుగనివారు. 1973లో వారు పరమపదించిరి.

ఇట్టి రచయిత చలనచిత్ర జీవితమును వ్రాయబూనినవారికి మొదట గావలసినది వారి స్వహస్త లేఖనములును స్మృతులును. ఈ విషయమున అమెరికా దేశపు హాలీవుడ్డు పద్ధతి వేఱు. అచ్చట 1927లో నేర్పడిన చలనచిత్ర అకాడమీవారు మరుసటి యేటనే గ్రంథాలయమును స్థాపించిరి. నేడు బెవర్లీ హిల్సులో మార్గరెట్ హెరిక్ పేర నున్న యా భాండారమున చిత్రకథల టైపుప్రతులు, ఉత్తరములు, నిర్మాణపత్రములు భద్రపఱుపబడి యున్నవి. తొలినాటి రచయితలు పెక్కండ్రు స్వీయచరిత్రలును వ్రాసికొనిరి. వ్రాసికొన్నవన్నియు ప్రమాణములని మాత్రము అనరాదు. అనీటా లూస్ అను నామె గ్రిఫిత్తుగారి ఇన్‌టాలరెన్సు చిత్రమునకు 1916లో తెరమీది వాక్యములు కూర్చిన రచయిత్రి. అంతకు పూర్వము 1912లో న్యూయార్కు హ్యాటు అను కథను 25 డాలర్లకు అమ్మెను. దానిలో మేరీ పిక్‌ఫర్డు నటించెను. పసిప్రాయముననే చిత్రకథ లల్లిన బాలికయని ఆమెకు ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధికి మూలము ఆమె చెప్పుకొన్నదే. జన్మసంవత్సరము 1893 అని చిరకాలము చలామణి యయ్యెను గాని, నిజమునకు ఆమె 1888లో పుట్టినది. అనగా న్యూయార్కు హ్యాటు నాటికి వయస్సు 24. అయిదేండ్లు తగ్గించుకొన్నంత మాత్రమున ప్రతిభ తగ్గలేదు, పెరగను లేదు. చరిత్రకారుని పని మాత్రము పెరిగినది.

మీమాంసకులు శ్రుతికి స్మృతికి విరోధము కలిగినపుడు స్మృతిని విడిచిపెట్టుమన్నారు. శ్రుతి కానరానిచోట స్మృతిని మూలశ్రుతికి అనుమాపకముగా గ్రహింపుమన్నారు. చరిత్ర రచనలో లేఖ్యమునకు జ్ఞాపకమునకు గల సంబంధమును ఇంచుమించుగా నిట్లే నిర్ణయింపవలెను. దీనికి తెలుగు టాకీల పుట్టుకయే తగిన యుదాహరణము. హెచ్. ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీసిన భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయయ్యెనని యనేక దశాబ్దులు చెప్పుకొనిరి. ఆ దినమున ఉత్సవములును జరిపిరి. రెంటాల జయదేవగారు నాటి పత్రములను శోధించి, ఆ చిత్రమునకు బొంబాయిలో సెన్సారు అనుమతి లభించినది 1932 జనవరి 22న ననియు, అచ్చటి కృష్ణా సినిమాలో తొలుత ప్రదర్శింపబడినది 1932 ఫిబ్రవరి 6న ననియు నిరూపించిరి. ఈ నాలుగైదు మాసముల భేదము అల్పమని తోచవచ్చును. కాని, నడుమ 1931 అక్టోబరు 31న మదరాసులో కాళిదాసు చిత్రము వెలువడినది. అది ప్రధానముగా తమిళచిత్రమే యయినను అందు తెలుగును వినబడినది. కావున సెప్టెంబరు తేదీని నమ్మినవాడు తెరమీద తొలి తెలుగుపలుకు ప్రహ్లాదునిదను. సెన్సారు పత్రమును జూచినవాడు కాళిదాసు చిత్రములోనిదను. ఒక తేదీ తప్పిన మాత్రమున పూర్వాపరములే తారుమారైనవి. ఆ కాలమున నటించినవారును చూచినవారును అబద్ధమాడిరని యెవ్వరును అనరు. ముప్పది నలువది యేండ్లకు పిదప అడుగబడిన మనుజుని చిత్తము తిథిని గట్టిగా నిలుపుకొనజాలదు. అది దాని స్వభావము.

భక్త ప్రహ్లాద విషయముననే గమనింపదగిన మఱియొక యంశము కలదు. ఆ చిత్రమునకు ఆధారము ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకము. సురభివారు దానిని రంగస్థలమున ఆడుచుండిరి. సురభి కమలాబాయి, మునిపల్లె సుబ్బయ్య మున్నగువారు తెరమీదికి వచ్చి దానినే యాడిరి. ఆచార్యులవారు 1912లోనే కీర్తిశేషులైరి. తొలి తెలుగు టాకీకి మాటలు కూర్చినవారు ఆ చిత్రము పుట్టుటకు దాదాపు ఇరువదియేండ్లకు ముందే దివంగతులన్నమాట! కావుననే నాటి చిత్రములలో మాటల రచయిత యను పదవికి అవకాశము తక్కువ. నాటకము సిద్ధముగా నుండెను, పద్యము సిద్ధముగా నుండెను, నటులకు కంఠస్థమై యుండెను. 1933 నాటి సావిత్రి, 1934 నాటి లవకుశ, సీతాకల్యాణము మున్నగునవి పురాణకథలే గనుక ఆ పాత్రలకు నాటకభాష అతికినట్లే యుండెను. హిరణ్యకశిపుడు గ్రాంథికమున గర్జించిన నెవనికి నభ్యంతరము? ఇబ్బంది పుట్టినది కథ నేటి వీధిలోనికి దిగినపుడు.

అట్లు దిగిన చిత్రము మాలపిల్ల. గూడవల్లి రామబ్రహ్మముగారు సారథి సంస్థ పక్షమున దీనిని 1938లో తీసిరి. కథ చలముగారిది. ఆచారపరుడైన సుందరరామశాస్త్రి కుమారుడు నాగరాజునకు, మాలపల్లె యువతి సంపలతకు నడుమ కలిగిన ప్రేమ కథావస్తువు. శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావుగారును, సంపలతగా కాంచనమాలయు నటించిరి. గుడి మెట్ల యొద్ద వాదించు శాస్త్రి, నూతి యొద్ద నీటికై వేచు పల్లెజనము, చదువుకొన్న కుఱ్ఱవాడు: వీరందఱును ఒక్క తెలుగు మాటాడరు. ఒక్క తెలుగే మాటాడించినచో కథ నిలువదు. శాస్త్రి నోటి సంస్కృతపదము సంపలత నోట వచ్చినచో ప్రేక్షకుడు నవ్వును. ఆమె మాట శాస్త్రి నోట వచ్చినచో శాస్త్రియే నిలువడు. నాటకకర్తలు పూర్వము సంస్కృతమును రాజునకును, ప్రాకృతమును నాయికకును ఏర్పఱచి యుచితజ్ఞత చూపిరి. ధర్మారావుగారు చేసిన పని ఆ యౌచిత్యమునే తెలుగు మాండలికములలో పాటించుట. మరుసటి యేట రామబ్రహ్మముగారే రైతుబిడ్డను తీసిరి. అందు బళ్లారి రాఘవగారు నటించిరి. జమీందారీ పద్ధతిని విమర్శించుటచే అది జమీందారుల యాగ్రహమునకు గుఱియయ్యెను.

ఈ మాటల కర్త స్వయముగా నేమి చెప్పిరి? వారి స్వీయచరిత్ర పేరు రాళ్లూ రప్పలూ. తాపీ యనునది గోడ కట్టువాని పనిముట్టు గనుక ఇంటిపేరునకును గ్రంథనామమునకును చక్కని పొత్తు కుదిరినది. చలనచిత్రముల వృత్తాంతమునకై ఆ పుస్తకమును తెఱచినవాడు మాత్రము నిరాశ చెందును. అందు ప్రధానముగా నున్నవి బాల్యము, చదువులు, ఉత్తర మండలముల యూళ్లు, ఆనాటి మనుష్యులు. సారథి సంస్థ కార్యాలయమున సంభాషణల ప్రతు లెట్లు దిద్దబడినవో తెలిసికొనగోరువాడు దానితో తృప్తిపడజాలడు. అట్లని ఆ గ్రంథము చలనచిత్ర చరిత్రకు పనికిరాదనుట పొరపాటు. అది వ్యావహారికమున వ్రాయబడినది. అందు మనుష్యులు తమతమ యూరి మాట మాటాడుదురు. బరంపురమున ఓఢ్రము, శ్రీకాకుళమున తీరపు తెలుగు, విజయనగరమున సంస్థానపు మర్యాదభాష, పర్లాకిమిడిలో ఈ మూటి కలయిక: ఇన్నింటి నడుమ పెరిగిన చెవికి తెలుగు ఒక్కటి కాదని యెవ్వరును చెప్పనక్కఱలేదు. జ్ఞాపకము తేదీల విషయమున దుర్బలమే యైనను పలుకుబడి విషయమున బలవత్తరము. ఏబదియేండ్ల నాటి తిథి మఱచినవాడు ఏబదియేండ్ల నాటి తిట్టును మఱువడు.

ఇచ్చట ఒక జాగ్రత్త యవసరము. గిడుగువారి శిష్యుడు గనుక ధర్మారావుగారు పర్లాకిమిడి తరగతిలోనే వ్యావహారిక వాదమును నేర్చిరని కొందఱు సులభముగా తేల్చివేయుదురు. కాలక్రమము దీనికి సరిపడదు. వారి పర్లాకిమిడి చదువు ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలోనిది. యేట్సు దొరగారు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చి, గిడుగు, గురజాడ ప్రభృతులు వ్యావహారిక భాషోద్యమమునకు దిగినది 1906 తరువాత. కావున తరగతిలో శిష్యుడు చూచినది ఉద్యమనాయకుని గాదు. కొండలమీది సవరల భాషను వారినుండియే నేర్చి, వ్రాత లేని యా భాషకు వ్యాకరణము కూర్చుటకై శ్రమించుచున్న ఉపాధ్యాయుని. ఆ వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చువడినవి. రెండవది మాలపిల్ల వెలువడిన యేడే. లిపి లేనివాని మాటకును నియమము కలదు, అది వినినగాని తెలియదు అను పాఠము వాదములకన్న ముందే ఆ గురుకులమున నడచుచుండెను. సంపలత మాటలకు మూలమును వెదకువారు కరపత్రములకంటె ముందు ఈ సవర వ్యాకరణపు శ్రమను తలచుకొనుట మేలు. పాణినీయము చదివినవారికి ఇది వింత గాదు. సూత్రకారుడును ప్రాచ్యులు ఇట్లందురు, ఉదీచ్యులు ఇట్లందురు అని లోకముననుసరించి విభాగించినవాడే కదా. లక్ష్యము ముందు, లక్షణము వెనుక.

1936 ఏప్రిలు 1న ఓఢ్రరాష్ట్ర మేర్పడి పర్లాకిమిడియు బరంపురమును అందు చేరినవి. వృద్ధులైన రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న మదరాసులో దివంగతులైరి. శిష్యుని జన్మస్థానమును, గురువు కర్మస్థానమును రెండును ఇట్లు ఆంధ్రదేశపు ఎల్ల దాటినవి. నౌపడ మాత్రము ఇవతల నిలిచినది. తెలుగు భాషాచరిత్రలో నింత ప్రాముఖ్యము గల యూరికి సంబంధించిన పత్రములను తెలుగువారు అన్యరాష్ట్రమున వెదకవలసివచ్చుట శోచనీయమే గాని, నౌపడనుండి 25 మైళ్లు పోలేనంత దూరము కాదు.

చిత్రముల మాటలకు మిగిలిన సాక్ష్యమెట్టిది? సెన్సారు పత్రమున తేదీ యుండును, రీళ్ల పొడవుండును, మాట యుండదు. పత్రికలలో ప్రశంసయో నిందయో యుండును. సంభాషణల ప్రతులు చిత్రీకరణ ముగిసిన పిదప ఎవ్వరికి నక్కఱలేని కాగితములై చెదపురుగుల పాలగుచు వచ్చినవి. చిత్రముండిన చిత్రమే సాక్షి; భక్త ప్రహ్లాదవలె నశించినచో అదియు లేదు. పాత యిండ్లలో విరివిగా మిగిలినవి పాటల పుస్తకములు. టాకీ ఆడు డేరాల యొద్దను హాళ్ల యొద్దను అణా రెండణాలకు అమ్ముడువోయిన యా పలుచని పుస్తకములు పలాస, టెక్కలి ప్రాంతములలో హార్మోనియము నేర్చినవారి పెట్టెలలోను, భజనగోష్ఠుల కట్టలలోను వెదకదగినవి. అట్ట వెనుక నటవర్గము, లోపల కథాసంగ్రహము, ఆపై పాటలు. రచయితల పేర్లు, కొన్నిట సంవత్సరము, మరికొన్నిట ముద్రాలయము. స్మృతులలోని తేదీలను దిద్దుటకు ఇవి సెన్సారు పత్రముల తరువాత మేలైన యాధారములు. పాటలన్నియు నుండును. పాత్రలు తమలో తామాడుకొన్న మాట యొకటియు నుండదు.