కోఠి రెసిడెన్సీ: మూసీ ఒడ్డున ఉన్న హవేలీని ఎలా చూడాలి?

హైదరాబాద్ కోఠిలో రోజూ బస్సు దిగే వేలాది మందికి ఆ గోడ తెలుసు. గోడ లోపల ఏముందో చూసినవాళ్ళు మాత్రం తక్కువే. అదే బ్రిటిష్ రెసిడెన్సీ. చాలామందికి 'కోఠి ఉమెన్స్ కాలేజీ' అంటేనే తెలుస్తుంది. ఇప్పుడది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం.

నది అవతల ఎందుకు?

అప్పట్లో హైదరాబాద్ నగరం మూసీకి దక్షిణాన, కోట గోడల లోపల ఉండేది. ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంట్, నది ఇవతల ఉత్తరపు ఒడ్డున ఉండేవాడు. 1798 నుంచి 1805 దాకా ఆ పదవిలో ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ ఈ భవనం కట్టించాడు. పని 1803లో మొదలైంది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దీనికి రూపకర్త. ఖర్చు మాత్రం నిజాం ఖజానాదే.

దీని మీద ఒక కథ ఉంది. స్థలం కోసం కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద నక్షా గీయించి తెస్తే నిజాం ఒప్పుకోలేదట. అదే నక్షాను చిన్న అట్టముక్క మీద గీసి తెస్తే వెంటనే సరేనన్నారట. నిజమో కాదో గానీ, ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ముందు వైపు

ఎత్తయిన కోరింథియన్ స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు. లోపల దర్బార్ హాలు, అద్దాలు, షాండ్లియర్లు, రెండు వైపులకు చీలే మెట్ల వరస. ఫొటోల్లో చూసి అమెరికా వైట్‌హౌస్‌లా ఉందనేవాళ్ళు చాలామంది. భవనం పాడైపోతుండగా, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత మరమ్మతులు జరిగాయి.

చాలామంది ఇక్కడే ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. అసలు కథ భవనం వెనకాల ఉంది.

వెనక వైపు

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదీ దుస్తులు వేసుకునేవాడు, ఫార్సీ మాట్లాడేవాడు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ బిరుదు ఇచ్చారు. పెద్ద ఖాన్‌దాన్‌కు చెందిన ఖైరున్నీసా బేగంను ఆయన ఇస్లాం పద్ధతిలో నికాహ్ చేసుకున్నాడు. కంపెనీ పెద్దలకు ఇది నచ్చక విచారణ కూడా పెట్టారు. బేగం కోసం భవనం వెనక రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. తోటలో మామిడి అంట్లు నాటించాడు, జింకల్ని పెంచాడు.

రంగ్ మహల్‌ను తర్వాతి రెసిడెంట్ల కాలంలో కూల్చేశారు. ఆ తోటలో మిగిలింది రెసిడెన్సీ చిన్న నమూనా ఒకటి. పర్దాలో ఉండే బేగం ముందు వైపుకు రాలేరు గనుక, ఆమె చూడడానికే దాన్ని కట్టించాడని అంటారు.

1805లో ఇద్దరు పిల్లల్నీ ఇంగ్లండ్ పంపారు. బాబుకు నాలుగేళ్ళు, పాపకు మూడేళ్ళు. తల్లి వాళ్ళను మళ్ళీ చూడలేదు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. 1813లో బేగం కూడా పోయారు. పాప పెద్దయ్యాక, హైదరాబాద్‌లో ఉన్న అమ్మమ్మతో ఉత్తరాలు మాత్రం నడిచాయి.

ఆవరణలోనే పాత బ్రిటిష్ శ్మశానం కూడా ఉంది. కిర్క్‌పాట్రిక్ సమాధి మాత్రం ఇక్కడ లేదు.

గోడ బయట

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో జనం ఈ రెసిడెన్సీ మీదికి వచ్చారు. ఫిరంగుల ముందు ఆ తిరుగుబాటు నిలవలేదు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో కాల్చి చంపి, శవాన్ని జనం చూసేలా వేలాడదీశారు. 'నువ్వేమన్నా తుర్రుంఖాన్‌వా' అనే మాట ఆయన పేరు మీదే పుట్టిందంటారు. కోఠి బస్టాండ్ దగ్గర 1857 స్మారకం ఉంది. రెసిడెన్సీ చూసినవాళ్ళు అది కూడా చూసి వెళ్ళాలి. స్తంభాలు ఒక్కటే చూస్తే కథ సగమే తెలుస్తుంది.

ఇక నది. ఒకప్పుడు తోట మూసీ దాకా ఉండేది. ఇప్పుడు మధ్యలో రోడ్లు, కట్టడాలు వచ్చాయి. తోటలో నిలబడితే పక్కనే నది ఉందని ఎవరికీ తట్టదు. కొంచెం నడిచి చాదర్‌ఘాట్ వంతెన మీద నిలబడితే, అటు పాతనగరం, ఇటు రెసిడెన్సీ, మధ్యలో మూసీ, అప్పటి ఏర్పాటు అర్థమవుతుంది. మూసీ బాగుపడాలని మాట్లాడేటప్పుడు ఈ తోటనూ గుర్తుపెట్టుకోవాలి.

వెళ్ళేవాళ్ళకు

ఉస్మానియా మెడికల్ కాలేజ్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళొచ్చు. ఇది చదువు నడుస్తున్న చోటు. అనుమతి, టికెట్, సమయాల గురించి విశ్వవిద్యాలయం వాళ్ళను ముందే అడిగి వెళ్ళండి. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. అమ్మాయిల ఫొటోలు తీయకండి. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్ళడం మేలు.

1924లో మొదలైన మహిళా కాలేజీ 1949లో ఈ భవనంలోకి వచ్చింది. ఒకప్పుడు ఒక బేగం ముందు వైపుకు రాలేకపోయిన హవేలీ ఇది. ఇప్పుడు పాతబస్తీ నుంచి, జిల్లాల నుంచి వచ్చే ఆడపిల్లలు అదే ఆవరణలో చదువుకుంటున్నారు. చూసి రావడానికి ఆ ఒక్క కారణం చాలు.