పసిచేతికి పిండికట్టు: పుట్టుపూర్వోత్తరాలు

గుడివాడ దగ్గరి నందివాడ మండలంలో పిల్లలు పడటానికి చోట్లకు కొదవ లేదు. చేపల చెరువు గట్టు, జామచెట్టు కొమ్మ, వంతెన పిట్టగోడ, నాన్న సైకిలు వెనక సీటు. పడుతూ పడుతూ పిల్లవాడు చెయ్యి చాచి నేలకు ఆనిస్తాడు. అదురంతా మోచేతికి చేరుతుంది. మోచేతికి కాస్త పైన దండచేతి ఎముక అట్టముక్కలా పలచగా ఉంటుంది. అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లల్లో మోచేతి దగ్గర ఎక్కువగా విరిగేది అక్కడే. ముంజేతికీ వేళ్లకూ నెత్తురు తీసుకెళ్లే పెద్ద నాళం ఆ పక్కనుంచే పోతుంది. పిండికట్టు చరిత్ర చెప్పేవాళ్లంతా ఎముక గురించే చెబుతారు. నా మట్టుకు అసలు కథ ఆ నాళానిది.

విరిగిన ఎముకను కదలనివ్వకూడదని మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన, ఆకుపసరు, గుడ్డపేలికలు వాడేవారు. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు కోసం ఇప్పటికీ పక్క రాష్ట్రాల నుంచి జనం వస్తారు. పిల్లల ఎముకలు తొందరగా అతుక్కుంటాయి. కొంచెం వంకర మిగిలినా ఎదిగేకొద్దీ చాలావరకు సర్దుకుంటుంది. అందుకే ఎన్నో నాటుకట్లు ఫలించాయి. మోచేతి దగ్గర మాత్రం ఆ ధీమా పనికిరాదు.

ఇక పిండి సంగతి. అది జిప్సం. వేడి చేస్తే అందులోని నీరు ముప్పాతిక వంతు పోయి పొడి అవుతుంది, మళ్లీ నీళ్లు తగిలితే వెచ్చబడుతూ గట్టిపడుతుంది. బస్రాలో ఒకప్పుడు బ్రిటిష్ కాన్సల్‌గా ఉన్న విలియం ఈటన్, అక్కడివాళ్లు విరిగిన కాలి చుట్టూ ఈ ముద్ద పోసి అచ్చు కట్టడం గురించి 1798లో ఉత్తరం రాశాడు. 1851లో హార్లెంలో డచ్చి సైనిక వైద్యుడు అంటోనియస్ మాథైసెన్ ముతక నూలుగుడ్డకు పొడి జిప్సం రుద్ది చుట్టలుగా చుట్టి పెట్టుకున్నాడు. నీళ్లలో ముంచి చుడితే నిమిషాల్లో గట్టిపడేది. క్రిమియా యుద్ధంలో రష్యా వైద్యుడు పిరోగోవ్ గాయపడ్డ సైనికులకు పిండికట్లు వేశాడు. సైనికుల కోసం వాడిన కట్టు అలా పసిపిల్లల దాకా వచ్చింది.

దాంతోపాటే ఒక కీడూ వచ్చింది. కట్టు విప్పేసరికి ఎముక అతికి ఉండేది, కానీ ముంజేయి ఎండిపోయి, మణికట్టు వంగి, వేళ్లు కొంకర్లు పోయేవి. నరం నలిగిందనుకునేవారు. జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స ఆచార్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ 1881లో అసలు కారణం చెప్పాడు. బిగుతు కట్టు వల్ల నెత్తురు అందక కండ చచ్చిపోతోందని, చచ్చిన కండ ముడుచుకుపోయి వేళ్లను లాగేస్తోందని. ఈయనే పారిస్ ముట్టడి రోజుల్లో సైన్యంతో ఉంటూ, లేయాండర్ అనే మారుపేరుతో పిల్లల కథలు రాశాడు. పసిచేతులు పాడైపోవడం ఆయన మనసును ఎంత తొలిచి ఉంటుందో!

1926లో పాల్ జెప్సన్ అనే వైద్యుడు కుక్కల మీద పరిశోధించి, లోపలి ఒత్తిడిని సకాలంలో తగ్గిస్తే చేతిని కాపాడవచ్చని చూపాడు. అంటే తప్పంతా పైకట్టుది కాదు, లోపలి వాపూ అంతే ప్రమాదం. 1959లో గార్ట్‌లాండ్ అనే వైద్యుడు మోచేతి పైన వచ్చే ఈ విరుపును మూడు తరగతులు చేశాడు. ఇప్పుడు ఎముక బాగా పక్కకు జరిగితే సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూస్తూ సన్నని తీగలు గుచ్చి నిలబెడతారు. అప్పుడు కట్టును బిగించాల్సిన పనే ఉండదు.

పిండికట్టు చేసిన మేలు కూడా చిన్నది కాదు. పుట్టుకతో పాదాలు లోపలికి తిరిగిన బిడ్డకు అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఇగ్నాసియో పోన్సెటీ వారానికో కట్టు మారుస్తూ, మెల్లగా పాదం తిప్పుకొచ్చాడు. పెద్ద కోత అక్కర్లేకపోయింది. విశాఖలో పోలియో పిల్లలకు శస్త్రచికిత్సలు చేస్తూ వచ్చిన డాక్టర్ సుంకర ఆదినారాయణరావు గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి ఆపరేషన్ల తర్వాత సరిచేసిన కాలును పట్టి ఉంచేదీ ఈ కట్టే.

మన పల్లెల్లో దెబ్బ తగలగానే ముందు చూసేది ఆర్.ఎం.పి. గారే. ఆయనకైనా, అమ్మకైనా తెలియాల్సింది ఇది: వాచిన మోచేతికి నూనె రాసి తోమకూడదు, సాగదీయకూడదు. వాపు ఉన్నప్పుడు చుట్టూ మూసేసే కట్టు వద్దు, వెనకవైపు సగం కట్టు చాలు. ఇంటికొచ్చాక గంటగంటకూ "వేళ్లు కదుపు నాన్నా" అనాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టమనాలి. వేలు పట్టుకుని చాపితే వాడు కెవ్వుమన్నా, మందు వేసినా నొప్పి పెరుగుతున్నా, వేళ్లు పాలిపోయి చల్లబడినా తెల్లారేదాకా ఆగకూడదు. ఆరేడు గంటలు నెత్తురు అందకపోతే ఆ కండ మళ్లీ రాదు. ఏ రాత్రయినా అప్పటికప్పుడు గుడివాడ ఆసుపత్రికి బయల్దేరాలి.