మా తాతలు ఏ పద్దు కింద ఉన్నారు?

మీరెక్కడ్నుంచి వచ్చారు?

ఈ ప్రశ్న మమ్మల్ని రెండు వైపుల నుంచి అడుగుతారు. పక్కింటివాళ్లు అడుగుతారు, మా పిల్లలూ అడుగుతారు. పక్కింటివాళ్ల గొంతులో అనుమానం ఉంటుంది. కువైట్‌లోనో, హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో పెరుగుతున్న పిల్లల గొంతులో ఆరాటం ఉంటుంది. ఇద్దరికీ ఇన్నాళ్లూ రెండే జవాబులు చెబుతూ వచ్చాం. ఒకటి, మా పెద్దలు అరబ్బు దేశం నుంచి గుర్రాలెక్కి వచ్చారని. రెండోది, మా పెద్దలు ఇక్కడివాళ్లే, మతం మారారని. మొదటి జవాబు మాలో పెద్దింటివాళ్లు నేర్పింది. రెండోది బయటివాళ్లు మాకు అంటించింది. రెంటిలోనూ ఒక ఊరు పేరు లేదు, ఒక సంవత్సరం లేదు, ఒక తండ్రి పేరు లేదు. ఊరూ పేరూ లేని జవాబును చరిత్ర అంటామా?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి దూరంగా బతుకుతున్న ముస్లింలు ఈమధ్య తమ ఇంటి చరిత్ర వెతకటం మొదలుపెట్టారు. కంప్యూటర్లో పేరు కొడతారు. ఏమీ రాదు. మాకు చరిత్ర లేదు కాబోలు అని వదిలేస్తారు. చరిత్ర ఉంది. మా పేరు మీద లేదు, అంతే. శిస్తు పేరు మీద ఉంది, చాకిరీ పేరు మీద ఉంది, సరుకు పేరు మీద ఉంది. ఏ పద్దు కింద మమ్మల్ని రాశారో తెలుసుకోవటమే అసలు పని.

ముందు ఎవరి వంశాలు రాశారో చూద్దాం. రాజులవీ జమీందార్లవీ రాశారు. దొరలు తమవి ఇంకా జాగ్రత్తగా రాసుకున్నారు. మచిలీపట్నంలో ఒక తెల్ల గుమాస్తాకు బిడ్డ పుడితే, ఆ బాప్తిస్మం నకలు మద్రాసు మీదుగా లండన్ వెళ్లింది. పెళ్లయినా, చావైనా అంతే. ఆ పుస్తకాలు ఈనాటికీ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. లండన్‌లో కూర్చున్న ముని మనవడు తన ముత్తాత సమాధి మచిలీపట్నంలో ఎక్కడుందో కనుక్కోగలడు. అదే దొర కాళ్లకింద పరిచిన తివాచీ నేసినవాడి మనవడికి అలాంటి పుస్తకం లేదు. మాలోనూ అంతే. సయ్యదుల ఇళ్లలో షజ్రాలు ఉంటాయి. ప్రవక్త దాకా తీసుకెళ్లే వంశవృక్షాన్ని చుట్ట చుట్టి పెట్టెలో దాచుకుంటారు. దూది ఏకినవాడి ఇంట్లో షజ్రా ఏది? విల్లు ఒక్కటే మిగిలింది. పరుపుల మిషన్లు వచ్చాక ఆ విల్లూ పోయింది.

వెతికేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది జిల్లాల లెక్క. ఏలూరులో ఒకే ఇంట్లో ఆరేడు తరాలు ఉన్న కుటుంబాన్ని ఊహించుకోండి. గోల్కొండ వాళ్ల తర్వాత మొగలాయిల కాలంలో, నైజాం కాలంలో ఏలూరు ఒక సర్కారు. 1753లో ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లింది. 1766 నాటి ఒప్పందంతో ఇంగ్లీషు కంపెనీకి ఖాయమైంది. కంపెనీ దొరతనంలో మచిలీపట్నం జిల్లా. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను తిరగేసి గోదావరి, కృష్ణా అని చేసినప్పుడు ఏలూరు గోదావరిలో పడింది. 1904లో కృష్ణాకి మార్చారు. 1925లో పశ్చిమ గోదావరి పుట్టింది, దానికి ఏలూరే ముఖ్యపట్టణం. 2022లో ఏలూరు ఒక జిల్లా అయింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయి, దాని కలెక్టరాఫీసు భీమవరం వెళ్లింది. అప్పటిదాకా కృష్ణాజిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోకొచ్చింది. ఇల్లు కదల్లేదు, జిల్లాయే ఇన్నిసార్లు కదిలింది. పైగా రాష్ట్రం కూడా మారింది. 1953 దాకా మద్రాసు, తర్వాత ఆంధ్ర, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్. అందుకే మా కాగితాలు కొన్ని చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో, కొన్ని హైదరాబాదు తార్నాక ఆర్కైవ్స్‌లో, కొన్ని కలెక్టరాఫీసు రికార్డు గదుల్లో చెల్లాచెదురై ఉన్నాయి. ఏ సంవత్సరం కాగితం కావాలో తేలితే ఏ జిల్లా పేరుతో అడగాలో తేలుతుంది.

ఇది పుస్తకాలకీ వర్తిస్తుంది. హెమింగ్‌వే రాసిన గోదావరి గెజిటీర్ 1907లో వచ్చింది. అందులో ఏలూరు కోసం వెతికి నిరాశపడతారు. అప్పటికి మూడేళ్ల ముందే ఏలూరు కృష్ణాకి వెళ్లిపోయింది. చూడాల్సింది హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా వర్ణన. ఈ పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. ఇంగ్లీషు కాగితాల్లో ఏలూరు 'ఎల్లోర్' అని ఉంటుంది. ఎల్లోరా గుహలతోనూ నెల్లూరుతోనూ కలగలిసిపోతుంది, జాగ్రత్త. కొల్లేరు 'కొలైర్' అయింది.

రెండోది పేర్ల చిక్కు. షేక్ అని వెతికితే సముద్రంలో చేపను వెతికినట్టే. షేక్, సయ్యద్, మహమ్మద్ - ఇవి ఇంటిపేర్ల గడిలో కూర్చున్నాయి గానీ ఇంటిపేర్ల పని చేయవు. తండ్రి పేరు, ఊరు, చేసే పని - ఈ మూడూ కలిపి పట్టుకోవాలి. ఒకే మనిషి పేరు ఫారసీ కాగితంలో ఒకలా, కరణం గొలుసుకట్టు రాతలో ఇంకోలా, ఇంగ్లీషు గుమాస్తా చేతిలో మరోలా ఉంటుంది. హుసేన్ ఉసేను అవుతాడు. ఖాసిం కాశిం అవుతాడు. మొహియుద్దీన్ మోదీను అవుతాడు. ఫాతిమా పాతిమాబి అవుతుంది. అది కరణం తప్పు కాదు, మా నానీలు పిలిచిందీ అలాగే.

ఆ పేర్లే ఒక ఆధారం. నాగూర్ మీరా, నాగుల్ మీరా అన్న పేరు తమిళదేశంలో నాగూరు దర్గాకి మొక్కుకున్న ఇంటి గుర్తు. మస్తాన్ అన్న పేరు గుంటూరు వైపు మొక్కుని చెబుతుంది. ఇక మస్తాన్‌రావులూ మస్తానమ్మలూ హిందువుల ఇళ్లలో ఎంతమంది! ఒకే దర్గా మెట్ల మీద ఇద్దరు తల్లులు మొక్కుకుని పిల్లలకు పెట్టుకున్న పేర్లవి. ఎక్కడ్నుంచి వచ్చారని అడిగేవాళ్లు తమ ఇంట్లో మస్తానమ్మ పేరు ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా వెతుక్కోవాలి.

దూదేకులవాళ్ల చిక్కు మరీ లోతైనది. ఇంట్లో తెలుగు, ఇంటిపేరూ తెలుగే. ఒక కాగితంలో దూదేకుల, ఒక కాగితంలో నూర్‌బాషా, ఒక కాగితంలో పింజారి, ఇంకో దాంట్లో లద్దాఫ్. థర్‌స్టన్ 1909లో వేసిన కులాల సంపుటాల్లో దూదేకులని విడిగా రాశాడు. నేటి రిజర్వేషన్ జాబితాలో వీళ్లు బీసీ-బి, 2007 చట్టంతో గుర్తించిన మిగతా ముస్లిం సమూహాలు బీసీ-ఇ. ముత్తాత ఒక పేరుతో, తాత ఒక పేరుతో, తండ్రి ఒక పేరుతో నమోదయ్యారని తెలియక చాలామంది మధ్యలో దారి తప్పుతారు.

ఇక పద్దుల దగ్గరికొద్దాం. మాకు అన్నిటికన్నా పెద్ద నిధి ఇనాం రిజిస్టర్లు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. శిస్తు లేకుండా ఎవరెవరు భూములు అనుభవిస్తున్నారో, ఏ హక్కుతోనో, ఊరూరా విచారించారు. మసీదులో నమాజు చదివించే ఖతీబు, నిఖా చదివే ఖాజీ, దర్గాలో దీపం పెట్టే ముజావరు, పీర్ల చావిడి చూసే ఫకీరు - ఎకరమో రెండెకరాలో ఉన్న ప్రతివాడూ వచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. ఇచ్చిందెవరు, ఎప్పుడు, పాత లెక్కల్లో ఎవరి పేరుంది, ఇప్పుడు అనుభవించేదెవరు, అతనికి వయసెంత, పాతవాడికి ఏమవుతాడు - ఇవన్నీ గడులు కట్టి రాశారు. ప్రభుత్వానికి కావాల్సింది శిస్తు. మాకు మిగిలింది రెండు మూడు తరాల వంశం. 1956లో ఇనాంలు రద్దయ్యాయి, ఆ విచారణల కాగితాలూ ఉన్నాయి. భూమి పోయినా పేరు మిగిలిన చోటు అది.

ఏలూరు తివాచీల సంగతి ఇంకోలాంటిది. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు ఏలూరు తివాచీలు వెళ్లాయి. 1908లో హారిస్ అనే అధికారి దక్షిణాది తివాచీ పరిశ్రమ మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక పుస్తకమే రాసిచ్చాడు. రంగులు, ముడులు, నమూనాలు అన్నీ ఉన్నాయి. నమూనాల పేర్లు చూడండి, రామచంద్రఖానీ, గోపాల్‌రావుఖానీ. చేయించుకున్నవాళ్ల పేర్లు అలా నిలిచిపోయాయని చెబుతారు. నేసినవాళ్ల పేర్లు ఏ ముడిలోనూ లేవు. పారశీకం నుంచి వచ్చిన నేతగాళ్ల సంతతి అని ఒక్క మాటలో మమ్మల్ని తేల్చేశారు. వచ్చినవాళ్లు కొందరు ఉండొచ్చు. మరి ఉన్ని దువ్వినవాళ్లు, రంగు వేసినవాళ్లు, మగ్గం పక్కన కూర్చున్న పిల్లలు? తంగెళ్లమూడి నేతగాళ్ల ఇళ్లలో ఇంకా మిగిలిన షావుకారు చిట్టాలు, బయానా చీటీలు దొరికితే అవే మా షజ్రాలు.

దూరం పోవటం మాకు కొత్త కాదు. కాకినాడ రేవు నుంచి రంగం వెళ్లినవాళ్లు, 1942లో అక్కడ్నుంచి కాలినడకన తిరిగొచ్చినవాళ్లు గోదావరి ఊళ్ల ముసలివాళ్ల మాటల్లో ఉండేవారు. రంగం వెళ్లిన కూలీకి సొంత ఖర్చో, మేస్త్రీ అప్పో తప్ప పెద్ద కాగితం లేదు. ఒప్పందపు కూలీలుగా వెళ్లినవాళ్లకు ఉంది. 1860 నుంచి 1911 దాకా నేటాల్‌కు వెళ్లిన 1,52,184 మంది ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. మారిషస్ మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వలస రికార్డులు ఉన్నాయి. ఇంట్లో ఎవరో 'ఓడెక్కి పోయాడు' అన్న మాట మిగిలి ఉంటే అక్కడ వెతకటం దండగ కాదు. మనిషిని కూలీగా లెక్కపెట్టిన కాగితమే అతని తండ్రి పేరు కాపాడింది.

ఊళ్లో దొరికేవి ఇంకా ఉన్నాయి. డైగ్లాట్‌లో సర్వే నంబరు పక్కన పట్టాదారు పేరు ఉంటుంది. గ్రామ మునసబు రాసిన జనన మరణాల పుస్తకాలు తాలూకాఫీసుకు వెళ్లేవి. 1984లో కరణం మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని పుస్తకాలు ఆఫీసుకు చేరాయి, కొన్ని అటకెక్కాయి. రిజిస్ట్రారాఫీసులో పాత దస్తావేజు నకలు తీయించొచ్చు. బడిలో చేర్చుకున్న పుస్తకంలో తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ ఉంటాయి. తేదీల దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. ఖబ్రస్తాన్ రాతి మీద 1300 అని ఉంటే అది హిజ్రీ, 1882-83. కరణం లెక్కలో 1300 అని ఉంటే అది ఫసలీ, 590 కలుపుకోవాలి, అంటే 1890-91. ఒకే అంకె, ఎనిమిదేళ్ల తేడా.

ఈ పుస్తకాలన్నిట్లో ఆడవాళ్లేరి? పట్టాలో లేరు, ఇనాంలో ఎక్కడో ఒకరు, సమాధి రాతి మీద ఫలానావారి భార్య. మా నానీ ముత్తవ్వల పేర్లు స్వయంగా కనబడే పుస్తకం ఒకటే, ఖాజీ దగ్గరుండే నిఖా సియాహా. పెళ్లికూతురి పేరు, తండ్రి పేరు, వకీలు, ఇద్దరు సాక్షులు, మహర్ మొత్తం అందులో ఉంటాయి. మహర్ ఎంతో చూస్తే ఆ ఇంటి స్థితి తెలుస్తుంది, సాక్షుల్ని చూస్తే చుట్టరికం తెలుస్తుంది. 1880 నాటి ఖాజీల చట్టం ఖాజీని నియమించింది గానీ అతని పుస్తకాలకు బీరువా ఇవ్వలేదు. ఒక ఖాజీ పోతే పుస్తకాలు కొడుకుల వాటాల్లో పోతాయి.

కొల్లేటి దగ్గర ఇంకో శత్రువు నీళ్లు. తమ్మిలేరు, బుడమేరు పొంగితే లంకల్లో ఇంటి పెట్టె తడుస్తుంది. 2024 సెప్టెంబరులోనూ చూశాం. 1999లో అభయారణ్యం ప్రకటించినప్పుడు, 2006లో చేపల చెరువులు కొట్టేసినప్పుడు, ఎవరి చేతిలో ఏ కాగితం ఉందన్నదే ప్రశ్న అయింది. తరతరాలుగా ఉన్నామన్న మాట ఒక్కటే చాల్లేదు.

ఇప్పుడు కాగితం మాట మరీ గట్టిగా వినబడుతోంది. 2019లో అస్సాం జాబితాలో 19 లక్షలమందికి పైగా పేర్లు లేకుండా పోయాయి, అందులో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. 2025 వక్ఫ్ సవరణ చట్టం, కాగితం లేకున్నా తరతరాల వాడుకతో వక్ఫ్ అయ్యే దారిని ఇకముందుకు మూసేసింది. ఊరి చివర ఖబ్రస్తాన్‌కు దస్తావేజు ఎవరు రాసిచ్చారు? అక్కడ పడుకున్నవాళ్లే దానికి సాక్ష్యం. అందుకే భయంతో కాగితాలు వెతికేవాళ్లు పెరిగారు. భయం అర్థమవుతుంది. కానీ తాతను పోలీసుకు చూపించటానికి మాత్రమే వెతికితే, పోలీసుకు కావాల్సినంతే దొరుకుతుంది. ఆయన ఏం నేశాడో, ఎవరికి బాకీ పడ్డాడో, ఏ దర్గాకి మొక్కాడో, ఎవరి పెళ్లికి సాక్షిగా నిలబడ్డాడో దొరకదు. మా పిల్లలు అడిగేది ఆ రెండోది.

దూరాన ఉన్నవాళ్లు ఈ ఏడాదిలోనే చేయగలిగిన పనులు ఉన్నాయి. ఇంట్లో అందరికన్నా పెద్దామెకు ఫోన్ చేసి పుట్టింటి ఊరు, నానీ పేరు, ఆ ఇంటి పని అడిగి ఆమె గొంతుతోనే దాచండి. ఆర్కైవ్స్ ఎక్కడికీ పోవు, ఆమె పోతుంది. ఊళ్లో చదువుకున్న కుర్రాడొకణ్ణి ఖబ్రస్తాన్‌కు పంపి ప్రతి రాయికీ ఫోటో తీయించండి. ఖాజీ సాబ్‌ను బతిమాలి సియాహాలకు నకళ్లు తీయించండి. ఫారసీ చదవగల ముసలాయన ఎవరైనా మిగిలి ఉంటే పాత సనదులు ఆయన ముందు పెట్టండి. ఊరు, తాలూకా, ఫసలీ రాసుకుని ఆ తర్వాత ఆర్కైవ్స్ తలుపు తట్టండి. దొరికింది హిందూ మిత్రులకూ చూపించండి. కరణం గారి మనవడి అటక మీద మీ తాత పేరు ఉండొచ్చు. ఆ గొలుసుకట్టు చదవటానికి ఆయనా కావాలి, మీరూ కావాలి.