బెరెనికే యాలయము – శాతవాహన నాణెములు

కొత్తపట్నము మున్నగు నూళ్లుగల తూర్పుతీరమును కడపటి శాతవాహనులేలిరి. యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు స్తంభముల యోడను ముద్రింపించెను. ఆ రాజ్యపు నాణెములు సముద్రము దాఁటి ఈజిప్టు చేరినవి.

ఆ దేశమున ఎఱ్ఱసముద్రపుటొడ్డున బెరెనికే యను ప్రాచీనపు రేవు కలదు. అందలి ఐసిసుదేవి యాలయప్రాంగణమున బుద్ధవిగ్రహము దొరకెను. ఆ తవ్వకములలోనే సంస్కృతశాసనమొకటియు, క్రీ. శ. 2వ శతాబ్దపు శాతవాహన నాణెములు రెండును లభించినట్లు 2023లో ప్రకటింపఁబడెను. శాసనము రోమక చక్రవర్తి ఫిలిప్పు (244–249) కాలపుది. దానిలోని దాత వాసులుఁడను క్షత్రియుఁడు.

నాణెము చేతులు మాఱును. దానిఁబట్టి యాంధ్రులే యచ్చటికేఁగిరని నిర్ణయింపరాదు. శాసనమట్లు గాదు, పరదేశపు గుడిలో స్వదేశభాషను చెక్కించిన భారతీయునకు అదియే సాక్షి. ఆంధ్రునిపేరుగల యట్టి శాసనము దొరకువఱకు అభిమానము ప్రమాణము కాఁజాలదు.