తూటా పొడవు చెప్పే చరిత్ర

పాత తుపాకుల గురించి రాసేవారు యుద్ధాలూ, తయారీదారుల పేర్లూ చెప్పి ఊరుకుంటారు. లివరు రైఫిళ్ళ విషయంలో అది చాలదని నా అభిప్రాయం. వాటి చరిత్ర తూటా పొడవులో ఉంది.

అమెరికాలో బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో పేటెంటు పొందిన రైఫిలులో గొట్టం కింద మరో గొట్టం ఉంటుంది. అందులో 16 తూటాలు ఒకదాని వెనుక ఒకటి పడుకుని ఉంటాయి. స్ప్రింగు తోయగా ఒక తూటా వెనుకనున్న ఇత్తడి దిమ్మలోకి వస్తుంది. లివరును కిందికి లాగితే ఆ దిమ్మ తూటాతో సహా పైకి లేస్తుంది. తిరిగి మూస్తే తూటా పేలే గదిలోకి పోతుంది. 1866, 1873 నాటి వించెస్టర్ రైఫిళ్ళదీ ఇదే పద్ధతి.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. రెండో తూటాను ఆపడానికి వేరే అడ్డు లేదు. దిమ్మలో ఉన్న మొదటి తూటాయే దానికి అడ్డు. కనుక తూటా పొడవు దిమ్మ పొడవుకు సరిపోవాలి. పొట్టిదైతే రెండో తూటా మడమ దిమ్మలోకి చొచ్చుకువస్తుంది; దిమ్మ లేవదు. మరీ పొడుగైతే మొదటిదాని ముక్కు గొట్టంలోనే ఉండిపోతుంది, అప్పుడూ లేవదు. తూటా ఇక్కడ సరుకు మాత్రమే కాదు, యంత్రంలో ఒక భాగం.

హెన్రీ తూటా పొడవు సుమారు 1.35 అంగుళాలు. కాలక్రమంలో దాని తయారీ ఆగిపోయింది. ఇటలీలో 1959లో ఆల్డో ఉబెర్తి స్థాపించిన సంస్థ తరువాతి కాలంలో హెన్రీకి నకళ్ళు చేసినప్పుడు, దొరికే తూటాలకే చేయవలసివచ్చింది. 1873 నాటి .44-40 తూటా పొడవు దాదాపు 1.6 అంగుళాలు. దానికోసం తుపాకీ చట్రాన్నే కొంత సాగదీశారు. చూపుకు హెన్రీయే, కొలతకు కాదు.

1873 నమూనా నకళ్ళలో .357 మాగ్నమ్‌కు చేసినవీ ఉన్నాయి. వాటిలో ఖర్చు తక్కువని .38 స్పెషల్ వాడేవారు చాలామంది. గుండును లోతుగా దింపిన పొట్టి తూటాలు వేస్తే లివరు మధ్యలో బిగుసుకుపోతుంది. తుపాకీ చెడిందనుకుంటారు. నిజానికి అది 1860 నాటి నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నదంతే! తూటాలు సొంతంగా నింపుకునేవారు గుండును సరైన లోతులో కూర్చి ఈ చిక్కు తీర్చుకుంటారు.

అందుకే మ్యూజియములో తుపాకీ పక్కన దాని తూటాను కూడా ఉంచాలంటాను. తూటా లేని తుపాకీ సగం సాక్ష్యమే.