ఉమ్మడి మద్రాసు రాష్ట్రం – చెన్నపురి తెలుగువారు

ఆంగ్లేయుల పాలనలో దక్షిణాపథంలో ఏర్పడిన రాష్ట్రాలలో మద్రాసు మిక్కిలి విశాలమైనది. ఉత్తరాన గంజాం మొదలుకొని దక్షిణాన తిరునెల్వేలి వరకు తూర్పు తీరమంతా దానిదే. పడమటి తీరాన మలబారు, దక్షిణ కన్నడ జిల్లాలు, నడుమ నీలగిరులు, రాయలసీమ మెట్టభూములు దానిలో చేరి ఉండేవి. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో దాని వైశాల్యం సుమారు 1,42,000 చదరపు మైళ్ళు. 1901 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో 3 కోట్ల 82 లక్షల మంది ఉండగా, వారిలో తమిళం మాట్లాడేవారు సుమారు 1 కోటి 52 లక్షలు, తెలుగు మాట్లాడేవారు సుమారు 1 కోటి 43 లక్షలు. చెన్నపట్నం ఈ రెండు భాషలవారికీ రాజధాని. ఈ నగరంలో తెలుగు బడి ఎందుకు వెలసిందని నేటి విద్యార్థి అడిగితే, సమాధానం ఆ ఉమ్మడి రాష్ట్ర చరిత్రలోనే ఉన్నది.

నగరం పుట్టుక

ఆంగ్ల వర్తకులు 1611లో మచిలీపట్నంలోను, 1626లో నెల్లూరు సీమలోని దుగరాజపట్నంలోను వర్తక స్థావరాలు నెలకొల్పారు. నూలుబట్టలు చౌకగా దొరికే మరొక రేవుకోసం వెదకుతూ ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వచ్చాడు. చంద్రగిరి రాజుల సామంతుడైన దామర్ల వేంకటాద్రి నాయకుని వలన 1639 ఆగస్టు 22న అతడు ఈ తీరభూమిని పొందాడు. వేంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుని పేరిట ఇది చెన్నపట్నమయింది. తొలినాళ్ళలో కుంఫిణీకి సరుకు సమకూర్చిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి వర్తకులు తెలుగువారే. కోట గోడలు లేస్తున్న నాడే తెలుగు పలుకుబడి ఈ ఊరిలో ఉన్నదన్నమాట.

రాష్ట్రం విస్తరించిన తీరు

తెలుగు జిల్లాలు ఒక్కసారిగా మద్రాసులో చేరలేదు. నిజాము 1766లో ఉత్తర సర్కారులను ఆంగ్లేయులకు ఇవ్వడానికి అంగీకరించాడు. గుంటూరు సీమ 1788లో వారి చేతికి వచ్చింది. 1800లో రాయలసీమ దత్తమండలమయింది. మరుసటి ఏడు ఆర్కాటు నవాబు రాజ్యంతోపాటు నెల్లూరు చేరింది. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో రైతువారీ పద్ధతిని అక్కడ పాదుకొల్పి, తరువాత మద్రాసు గవర్నరు అయ్యాడు. జమీందారు మధ్యవర్తిత్వం లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఈ విధానం ఉమ్మడి రాష్ట్రంలో చాలా భాగానికి వ్యాపించింది. పల్లెలు చెల్లించిన శిస్తు మీదనే రాజధాని కొలువులు నడిచేవి.

కరువు, కాలువ, వర్తకం

ఆ పాలనలో నీటి వనరులపట్ల జరిగిన నిర్లక్ష్యానికి ప్రజలు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలోని దాదాపు 5 లక్షల జనంలో సుమారు 2 లక్షల మంది మరణించారని అంచనా. తరువాత ఆర్థర్ కాటన్ ప్రయత్నం వలన 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట, 1852-55 మధ్య బెజవాడ ఆనకట్ట నిర్మాణమయ్యాయి. కరువు కాటకాలకు నిలయమైన డెల్టాలు ధాన్యాగారాలయ్యాయి.

ఆ సిరిని నగరానికి చేర్చిన మార్గాలలో బకింగ్‌హాం కాలువ చెప్పుకోదగినది. 1806లో చెన్నపట్నం నుండి ఎన్నూరు వరకు పదకొండు మైళ్ళు త్రవ్విన కాలువ క్రమంగా ఉత్తరానికి సాగింది. 1877-78లో, ధాత కరువు బాధితులకు పని కల్పించే నిమిత్తం, నగరంలోని తెగిన భాగాన్ని త్రవ్వించి కలిపారు. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి నిలిచింది. పెదగంజాం నుండి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగి, ఉత్తరాన కృష్ణా డెల్టా కాలువలతో కలిసిన ఈ జలమార్గంలో తెరచాపలెత్తి, గాలి లేనప్పుడు గట్టుమీదనుండి మోకులతో లాగుతూ పడవలు నడిపేవారు. డెల్టా ధాన్యమూ, ఉప్పూ, శ్రీహరికోట అడవుల వంటచెరకూ ఆ పడవల మీద వచ్చేవి. అనగా చెన్నపురి ఇంటిపొయ్యిలో తెలుగు సీమ కట్టె మండింది. ఆకలిగొన్నవారి చేతులు త్రవ్విన కాలువ నగరవాసులకు అన్నం మోసుకొని వచ్చిందన్న సంగతి మరువరానిది. రైలుమార్గం వచ్చి, 1899లో మద్రాసు బెజవాడతో కలిసిన తరువాత పడవల ప్రాధాన్యం తగ్గింది. 1965, 1966, 1976 సంవత్సరాల తుఫానులు ఆ కాలువను మరింత దెబ్బతీశాయి.

విద్య, పత్రికలు, పాలన

సిరితోపాటు చదువూ ఇక్కడికే చేరింది. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయమే చాలా కాలం తెలుగు జిల్లాల విద్యార్థులకూ దిక్కు. గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో ఇక్కడ పత్రిక ఆరంభించి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించి, రైతుల మీద శిస్తు వసూలులో జరిగే హింసను బయటపెట్టారు. కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో నెలకొల్పిన ఆంధ్రపత్రిక 1914లో ఇక్కడికి వచ్చి దినపత్రికయింది. పానగల్లు రాజా, బొబ్బిలి రాజా, టంగుటూరి ప్రకాశం ఈ రాష్ట్ర ప్రధానులుగా పనిచేశారు. పిట్టి త్యాగరాయ శెట్టి పేర త్యాగరాయనగరం, పానగల్ పార్కు, మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కు నేటికీ ఆ చరిత్రను పలుకుతున్నాయి.

విభజన

ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలో సమావేశమైన నాటినుండి ప్రత్యేక రాష్ట్ర ఆకాంక్ష బలపడుతూ వచ్చింది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నది ఈ నగరంలోనే. జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేల్, పట్టాభి సీతారామయ్యలతో కూడిన సంఘం 1949లో, ఆంధ్రులు మద్రాసు నగరంపై కోరికను విడిచిపెట్టవలెనని తేల్చింది. 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట నిరశన పూనిన పొట్టి శ్రీరాములు డిసెంబరు 15 రాత్రి అమరులయ్యారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. 1960లో సరిహద్దులు సవరించినప్పుడు తిరుత్తణి మద్రాసుకు, సత్యవేడు ఆంధ్రకు దక్కాయి. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది; 1996లో నగరం పేరు అధికారికంగా చెన్నై అయింది.

ఈ మార్పుల వలన చెన్నపురి తెలుగువాడు ఇల్లు కదలలేదు. కాని నిన్నటివరకు ఉమ్మడి రాజధానిలో సమాన భాషీయుడైనవాడు అల్పసంఖ్యాక భాషీయుడయ్యాడు. బడిలో తన భాష నిలుస్తుందా అన్న చింత అతని ఇంటిలో అప్పటినుండే మొదలయింది.

తెగని బంధం

అయినా భూగోళం తన పని మానలేదు. పులికాటు సరస్సు నేటికీ రెండు రాష్ట్రాలదీ. ఆరణి నది ఆంధ్రలో పుట్టి తమిళనాడులో సముద్రంలో కలుస్తున్నది. నగర దాహం తీర్చడానికి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రలు తలా 5 టి.ఎం.సి.ల చొప్పున కృష్ణా జలాలు ఇవ్వడానికి 1976లో సమ్మతించాయి. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్‌ల ప్రభుత్వాల మధ్య తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. శ్రీశైలం నుండి వెలుగోడు, సోమశిల, కండలేరు జలాశయాలగుండా సాగే ఈ నీరు 1996లో తొలిసారిగా పూండి చేరింది. విడిపోయిన రాష్ట్రాలను నీరు మళ్ళీ కలిపింది.

నీటికి ఒప్పందం ఉన్నది. భాషకు అటువంటి ఒప్పందం ఏదీ లేదు. తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన చట్టం ప్రకారం తమిళ బోధన ఒకటవ తరగతి మొదలుకొని క్రమంగా తప్పనిసరి అయింది. ఉన్నచోటి భాషను శ్రద్ధగా నేర్వడం ప్రతి పౌరుని ధర్మం. తమిళం నేర్చుటలో తెలుగు పిల్లలకు కలిగే నష్టం లేదు. తెలుగును విడిచిపెట్టినప్పుడే నష్టం. బడి ఎంత శ్రమించినా, ఇంటిలో వినిపించని భాష బడిలో నిలువదు.

డెబ్బై అయిదేళ్ళ క్రితం ఈ నగరంలో తెలుగు పలక పట్టిన బాలుడు ఉమ్మడి రాష్ట్రపు రాజధానిలో చదువుకున్నాడు. నేటి బాలిక మరొక రాష్ట్రపు రాజధానిలో అదే అక్షరాలు దిద్దుతున్నది. ఆ అక్షరాలను ఇంతకాలం కాపాడిన ఉపాధ్యాయుల శ్రమ కొనియాడదగినది. పూర్వవిద్యార్థులూ తల్లిదండ్రులూ తమ పిల్లలను ఈ బడికి పంపి, ఇంట తెలుగు మాట్లాడి, తెలుగు పుస్తకం చేతికిచ్చిననాడు ఈ ఉత్సవం సార్థకమవుతుంది.