దొరగారి హామూ, కోయవారి ఉప్పూ

మాగాయ పెట్టే చేతులకి ఊట అంటే ఏమిటో నేను చెప్పనక్కర లేదు. చెక్కు తీసిన మామిడి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో మూడు రోజులు ఉంచితే, చుక్క నీళ్ళు పొయ్యకుండానే ఊట ఊరి కూచుంటుంది. ముక్కలో ఉన్న నీళ్ళని ఉప్పు బయటికి లాగుతుంది, తాను లోపలికి పోతుంది. కుళ్ళబెట్టే సూక్ష్మజీవికి ఇక ఆ ముక్కలో బతుకు లేదు. శాస్త్రమంతా ఇంతే. ఈ శాస్త్రాన్నే ఇంగ్లీషువాళ్ళు పంది వెనక తొడమీద ప్రయోగించి, దానికి హామ్ అని పేరుపెట్టి, క్రిస్మస్ భోజనాల బల్లమీదికి ఎక్కించారు.

పంది అనగానే ముక్కు మూసుకుని పేజీ తిప్పెయ్యకండి. తినమని చెప్పడానికి కాదు రాస్తున్నది. అయినా మన పూర్వులకి ఈ జంతువంటే అంత ఏవగింపు ఉన్నట్టు కనబడదు. కల్యాణి చాళుక్యులకీ, మన ఓరుగల్లు కాకతీయులకీ రాజలాంఛనం వరాహమే. బంగారు నాణేనికి వరహా అన్న పేరు ఆ బొమ్మనుంచే వచ్చింది. భద్రాచలం గుడికి రామదాసు ఆరు లక్షల వరహాలు ఖర్చుచేశాడని కథ చెప్పేటప్పుడు, లెక్కపెడుతున్నది వరాహాలనే అని ఎవరికి గుర్తుంటుంది! 12వ శతాబ్దంలో కల్యాణి ఏలిన మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసం'లో రాజభోజనం గురించి చెబుతూ, పందిమీద గుడ్డకప్పి మరిగే నీళ్ళు పోసి వెంట్రుకలు తీసే పద్ధతీ, గడ్డిమంటలో కాల్చి తీసే పద్ధతీ రెండూ రాయించాడు. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన పేస్ అనే పోర్చుగీసు ఆయన, పంది మాంసం అమ్మే వీధుల్లో పందులు ఎంతో తెల్లగా, శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. అంచేత, కాల్చడం మనకి కొత్త కాదు. నెలల తరబడి నిలవ ఉండేలా తొడకి తొడే ఉప్పులో ఊరవెయ్యడం మాత్రం చలిదేశాల విద్య. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలోనే రోమునగరపు కేటో, సేద్యం గురించిన తన పుస్తకంలో పంది తొడలకి ఉప్పు పట్టించే విధానం వరసగా చెప్పాడు.

చలిదేశాల విద్య అని ఊరికే అనలేదు. ఉప్పు పైనుంచి లోపలికి నెమ్మదిగా దిగుతుంది. మామిడి ముక్కంటే అంగుళం మందం. తొడ అలా కాదు. ఉప్పు ఎముకదాకా చేరేలోగా వేడి ముందుగా చేరిందంటే ఆ ఎముక పక్కనే మొదట పాడవుతుంది, పైకి మాత్రం చక్కగా కనబడుతుంది. అందుకే ఆ దేశాల్లో కార్తికం వెళ్ళే రోజుల్లో పందిని కోసి, చలి పూర్తయ్యేలోగా ఊరవేసుకునేవారు. ఖమ్మం ఎండల్లో ఈ పని పెట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పద్ధతి ఇదీ. నీళ్ళు కాచి అందులో ఉప్పు, బెల్లమో చక్కెరో, మిరియాలు, లవంగాలు, బిరియానీ ఆకు వేసి పూర్తిగా చల్లారనివ్వాలి. పచ్చి కోడిగుడ్డు వేస్తే తేలాలి. తేలిందంటే ఉప్పు సరిపోయినట్టు. తొడని అందులో ముంచి, పైకి లేవకుండా బరువు పెట్టి, మధ్య మధ్య తిప్పుతూ రెండు మూడు వారాలు ఉంచాలి. పండుగ ముందురోజు తీసి మంచినీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఉప్పు వదిలించాలి. తెర్లకుండా సన్నటి సెగమీద గంటలకొద్దీ ఉడికించి, తోలు ఒలిచి, కింద ఉన్న కొవ్వుమీద కత్తితో మన కజ్జపు కోత మాదిరిగా డైమను గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో లవంగం గుచ్చి, పైన తీపిపాకం పూసి కాల్చాలి. పాకం ఎర్రబడి మెరుస్తుంది. మన దేశంలో దొరల బంగళాల్లో ఓవెను లేకపోతే వంటవాడు దేగిసాలో పెట్టి, కింద నిప్పులు, మూతమీద నిప్పులు పోసేవాడు. దమ్ము పెట్టడం తెలిసిన చేతికి అదేం పెద్ద సంగతి!

ఒక ముఖ్యమైన దినుసు మరిచాను: పెట్లుప్పు. సురేకారం అన్నా అదే. చిటికెడు వేస్తే ఉడికిన మాంసం కూడా బూడిదరంగుకి పోకుండా గులాబిరంగులో నిలుస్తుంది. ఎందుకలా అవుతుందో 1901లో హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. తుపాకిమందులోకి పడేదీ ఈ ఉప్పే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ మన కోరమాండల్ తీరంనుంచీ, తరవాత ఎక్కువగా పాట్నా వైపునుంచీ దీన్ని ఓడలకెత్తి తీసికెళ్ళింది ఫిరంగులకోసమే గానీ, మిగిలిన చిటికెడు వంటింట్లోకీ వచ్చింది. అన్నట్టు, ఇలా నిలవబెట్టిన మాంసాలు ఎక్కువగా తింటే పేగు కాన్సరు వస్తుందని 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ కాన్సరు విభాగం తేల్చింది. పండుగకి పండుగకి తినే వంటకాన్ని నిత్యం చేసుకుంటే అంతేగా మరి.

ఇంతకీ ఈ హామ్ తినే దొరలు మన అడవి అంచుకి ఎందుకు వచ్చారు? 1860లో నిజాము గోదావరి ఎడమ ఒడ్డు ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చాడు. భద్రాచలం అలా వాళ్ళ చేతికి వెళ్ళి, కొంతకాలం మధ్యపరగణాల్లో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. గోదావరిమీద పైదాకా పడవలు నడపాలని కాటన్‌దొర వేసిన పథకం ప్రకారం, భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో రాళ్ళ అడ్డంకిని దాటడానికి ఆనకట్టా కాలవా తలపెట్టారు. హేగ్ అనే ఇంజనీరు ఆ పనిచూస్తూ అక్కడే మిషను పెట్టించాడు. ఆ మిషనులో పనిచేసిన కెయిన్ పాదిరి కోయవారి ఆచారాలమీద 1870ల్లో వ్యాసాలు రాశాడు. పడవల పథకం 1871లో ఆగిపోయింది. మిషను మిగిలింది. నదికి ఇవతల, నిజాము రాజ్యంలో, ఇల్లెందు దగ్గర కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. అదే సంవత్సరం రైలు ఖమ్మం మీదుగా బెజవాడ చేరింది.

ఇలాంటి బంగళాల బల్లకి హామ్ రెండు దారుల్లో వచ్చేది. ఒకటి ఇంగ్లండునుంచి డబ్బాలో. రెండోది బంగళా వెనక తొట్టిలో. డబ్బా తిండిని గొప్పగా వడ్డించే దొరసానుల్ని 'వైవర్న్' అన్న కలంపేరుతో కెన్నీ హెర్బర్ట్ అనే కర్నలు 1878లో మద్రాసులో వేసిన వంటపుస్తకంలో బాగా దెప్పిపొడిచాడు. చేతికందే దినుసుల్ని వదిలి రేకుడబ్బాలు కోసుకోవడమేమిటని ఆయన బాధ. నాకా కర్నలంటే గౌరవం కలిగింది సుమండీ!

ఇక తొట్టి సంగతి చూద్దాం. అయిదు కిలోల తొడ మునగాలంటే ఎంత తక్కువన్నా ఎనిమిది లీటర్ల నీళ్ళు కావాలి. గుడ్డు తేలాలంటే అందులో కిలో ఉప్పు పడుతుంది. ఊరాక ఆ నీళ్ళు పారబొయ్యాలి. ఒక్క పూట పండుగకి కిలో ఉప్పు మట్టిలోకి. సముద్రం ఒడ్డున అయితే ఇది లెక్కలోకి రాదు. భద్రాచలం అడవిలో అది లెక్కే.

ఆ అడవిలో ఉప్పు పండదు. నూరు మైళ్ళకి పైగా దూరంలోని సముద్రంనుంచి రావాలి. రాజమండ్రి మీదుగా పాపికొండల మధ్యనుంచి పడవలమీద కొంత వచ్చేది. మెట్టదారిన లంబాడీలు ఎద్దులమీద గోతాలు వేసి తెచ్చేవారు. కోస్తానుంచి ఉప్పు పైకి, పైనుంచి ధాన్యమూ పత్తీ కిందికీ మోసింది తరతరాలుగా ఆ తండాలవాళ్ళే. రైలు రావడంతో ఆ ఎద్దులకి పని పోయింది. ఈనాడు ఖమ్మం జిల్లాలో అన్ని లంబాడీ తండాలు కనబడటం వెనక ఈ ఎద్దుల దారులు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు ఏలుబడిలో ఉప్పు 1805నుంచీ మద్రాసు సర్కారు గుత్తసొత్తు. 1888లో దానిమీద పన్ను మణుగుకి రెండున్నర రూపాయలు చేశారు. కలెక్టరుకీ అదే పన్ను, కోయవాడికీ అదే పన్ను. కోయవాడికి చేతిలో రూపాయి ఉండదు గనక చింతపండో, కరక్కాయో, ఇప్పపువ్వో సంతకి తెచ్చి షావుకారు ముందు పోసేవాడు. తూచేదీ ఆయనే, కొలిచేదీ ఆయనే. గంపెడు అడవిసరుకు అటు పోతే దోసెడు ఉప్పు ఇటు వచ్చేది. చాలకపోతే అప్పు. కొండరెడ్లను వెదురు, కలప వ్యాపారులు అప్పుల్లో బిగించి పనిచేయించుకున్న తీరు హైమన్‌డార్ఫ్ 1945లో అచ్చువేసిన పుస్తకంలో చూడొచ్చు.

ఉప్పు ఇంత ప్రియమైనచోట మాంసం నిలవచెయ్యడం ఎలా? వాళ్ళ విత్తనాల పండుగ, విజ్జపండుంకి మగవాళ్ళు వేటకి పోవడం ఆచారం. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ వేటకి అనుమతి పోయింది గానీ, అంతకుముందు అడవిపంది దొరికితే ఊరంతా వాటాలే. మిగిలితే సన్నగా చీరి, ఎండలో ఆరవేసి, పొయ్యిపైన పొగ తగిలేలా వేలాడదీయడం. తొడంత మందాన్ని ఉప్పు చేత జయించడం మానేసి, మందాన్నే తగ్గించుకున్నారన్న మాట. చీరిన ముక్కకి చిటికెడు ఉప్పు చాలు, మిగతా పని ఎండా పొగా ఉచితంగా చేస్తాయి. ఇందులో తెలివి ఆ కర్నలు పుస్తకంలోని తెలివికి ఏం తీసిపోదు. మైదానంలో మనవాళ్ళు దండేనికి గుచ్చి ఆరేసే ఎండు తునకలకీ ఇదే కిటుకు, కాకపోతే ఉప్పూ పసుపూ ధారాళంగా పట్టిస్తారు.

1947లో ఉప్పుపన్ను ఎత్తేశారు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టి, అడవిసరుకు కొని, ఉప్పూ కిరసనాయిలూ లాంటివి అమ్మడం మొదలుపెట్టింది. షావుకారు తరాజుకి పోటీగా ఇంకో తరాజు రావడం చిన్న విషయం కాదు.

హామ్ మాత్రం బంగళా గడప దాటలేదు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అజరయ్యగారు వచ్చిన డోర్నకల్లు ప్రాంతంలో, దొరల మతం పుచ్చుకున్న తెలుగు కుటుంబాలు క్రిస్మస్‌కి చేసుకునేది అరిసెలూ, కజ్జికాయలూ, మాంసం కూరా, పలావూను. లవంగాలు పలావులోకే పోయాయి. తునకల కూర వండే ఇళ్ళలో మాత్రం చింతచిగురు వేసే ముందు ఎండుముక్కల్ని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టి ఉప్పు వదిలిస్తారు. పండుగ ముందురోజు రాత్రి హామ్‌ని మంచినీళ్ళలో పడెయ్యడమూ అందుకే.